కెమెరా కొనే ముందు కందికొత్తల రాత్రిని తలుచుకోండి

(యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  మైకు ఇచ్చి "చదువు గురించి చెప్పండి మేడమ్" అన్నారు. చదువు గురించి ఏటా చెప్తూనే ఉన్నాం. ఈసారి మీరు అడిగిన సంగతే మాట్లాడతాం.

సంఘం చందాలతో వీడియో కెమెరా కొందామని మీరు తీర్మానం చేశారు. ఏ కంపెనీది కొనాలన్న దాని మీద నెల రోజులుగా గొడవ పడుతున్నారు. ఒకరు సోనీ అంటారు, ఒకరు కానన్ అంటారు, ఇంకొకరు డ్రోన్ లేకపోతే దండగ అంటారు. హాస్టల్ వార్డెన్లకు కెమెరా సంగతి ఏం తెలుసు అనుకోవద్దు. మేము ఒకసారి కొని దెబ్బతిన్నాం. అందుకే మాట్లాడుతున్నాం.

కొన్నేళ్ల కిందట మేము, కొందరు టీచర్లం, అప్పటి పెద్ద పిల్లలు కలిసి చందాలు వేసుకుని ఒక డీఎస్ఎల్ఆర్ కొన్నాం. దానితో పాటు పెట్టెలో వచ్చిన 18-55 లెన్సే మా లెన్సు. షాపులో ట్యూబులైట్ల కింద బొమ్మ బంగారంలా కనిపించింది. కందికొత్తల పండగకి దాన్ని మెడలో వేసుకుని ఒక గూడకి వెళ్లాం. అక్కడ ఒక మామ్మ ఉండేది. పాత పాటలు మొదటి నుంచి చివరి దాకా వచ్చిన మనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే. పగలు పాడమంటే నవ్వేసింది. పండగ పాట పగలెవరు పాడతారు? రాత్రి నెగడు దగ్గర, చలికి దుప్పటి కప్పుకుని పాడింది. దాదాపు గంటసేపు.

మర్నాడు హాస్టల్ కంప్యూటర్లో పెట్టి చూస్తే తెర మీద చీకటి, మధ్యలో ఎర్రటి మంట, ఆ పక్కన మనిషో బండో తెలియని నల్లటి ఆకారం. వెలుతురు పెంచుదామని సాఫ్ట్‌వేర్లో లాగితే ఇసక చల్లినట్టు చుక్కలు. శబ్దమైతే గాలి హోరు, కెమెరా లోపల మోటారు గరగర. మా అదృష్టం కొద్దీ పదో తరగతి పిల్లాడొకడు తన ఫోను ఆమె పీట పక్కన పెట్టి రికార్డు చేశాడు. మరుసటి కందికొత్తలకి ఆ మామ్మ లేదు. ఆమె గొంతు ఆ ఫోను పుణ్యమా అని మన దగ్గర ఉంది. పాడేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో చూపించడానికి మన దగ్గర ఏమీ లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది. కెమెరా చెడ్డది కాదు, మన పనికి ఆ లెన్సు సరిపోలేదు. లెన్సు మీద ఎఫ్ 3.5-5.6 అని ఉంటుంది చూడండి, అది లోపలి కిటికీ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె. అంకె చిన్నదైతే కిటికీ పెద్దది. ముఖం దగ్గరగా చూపించాలని 55 దాకా జూమ్ చేశామా, కిటికీ 5.6కి మూసుకుపోతుంది. ఎఫ్ 1.8 లెన్సు ఉంటే దానికి తొమ్మిది పది రెట్ల వెలుతురు లోపలికి వచ్చేది. ఎఫ్ 1.4 అయితే పదహారు రెట్లు. నెగడు వెలుగులో ఆ తేడాయే ముఖం కనపడటానికీ కనపడకపోవడానికీ తేడా.

అందుకే మా మొదటి మాట. కెమెరా ఏది అని అడగకండి, ముందు లెన్సు ఏది అని అడగండి. దానికీ ముందు, మనం తీయబోయేది ఏమిటని అడగండి. ఆడలి వ్యూపాయింట్ దగ్గర మంచు, మెట్టుగూడ జలపాతం, పగటి పూట రీల్సు తీయాలంటే మీ జేబులో ఉన్న ఫోను చాలు, దానికి చందాలు ఎందుకు? మనకి కెమెరా కావలసింది ఫోను చేయలేని చోట. చిన్న గుమ్మం, ఒకే బల్బు ఉన్న ఇంటి లోపల. రాత్రి ఆటలో. దగ్గరికి వెళ్తే సిగ్గుపడి ఆగిపోయే ముసలివాళ్ల ముఖం మీద.

ఈ మూడింటికీ మూడు రకాల చూపు కావాలి. ఇక్కడ సెన్సారు సైజు సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్ అంటే 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. ఏపీఎస్-సి అంటే అంతకంటే చిన్నది, ఒక వైపుకి ఒకటిన్నర రెట్లు తక్కువ. మైక్రో ఫోర్ థర్డ్స్ అంటే దాదాపు సగం. చిన్న సెన్సారు మీద లెన్సు ఇంకా దగ్గరగా చూపిస్తుంది, అంటే ఏపీఎస్-సి మీద 16 పెడితే ఫుల్‌ఫ్రేమ్ మీద 24లా, 30 పెడితే 45లా, 56 పెడితే 84లా కనిపిస్తుంది. ఇంటి లోపల గోడకి ఆనుకుని తీయడానికి, తుడుం వాయించేవాళ్లతో సహా ఆట వలయం మొత్తం పట్టడానికి 16. మాటామంతీకి 30. నాలుగడుగులు వెనక నిలబడి మామ్మ ముఖం తీయడానికి 56. మూడూ ఒకేసారి కొనక్కర్లేదు. ఒక్కటే కొనగలిగితే 30 కొనండి, కాళ్లతో ముందుకీ వెనక్కీ నడవండి.

పెద్ద కిటికీ లెన్సుకి ఒక చిక్కు ఉంది, షాపువాళ్లు చెప్పరు. మనిషికి ఐదడుగుల దూరంలో 50 లెన్సుని ఎఫ్ 1.8 దగ్గర తెరిస్తే స్పష్టంగా కనిపించే లోతు నాలుగు వేళ్ల వెడల్పు. పాడే మనిషి ఊగుతుంది కదా, ముందుకి వంగితే ముక్కు స్పష్టం, కళ్లు మసక. ముఖాన్ని గుర్తుపట్టి వెంబడించే ఆటోఫోకస్ ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో బాగుంటుంది. పాత డీఎస్ఎల్ఆర్ వద్దనడానికి మా మొదటి కారణం అదే. అలాగని పాతదాన్ని చిన్నచూపు చూడకండి. 2008లో వచ్చిన కానన్ 5డీ మార్క్ 2తోనే డీఎస్ఎల్ఆర్లలో ఫుల్ హెచ్‌డీ వీడియో మొదలైంది. 2011లో రామ్ గోపాల్ వర్మ 'దొంగల ముఠా' సినిమాని 5డీ కెమెరాలతో ఐదు రోజుల్లో తీసేశారు. సినిమా ఎలా ఉందన్నది వేరే సంగతి.

ఇక మీ తగువు దగ్గరికి వద్దాం. బాడీని పట్టుకుని కొట్టుకుంటున్నారు, చూడాల్సింది మౌంటు. లెన్సు బిగించే ఆ ఉంగరమే మౌంటు. ఒకసారి ఒక మౌంటుతో వియ్యం అందుకుంటే, తర్వాత కొనే ప్రతి లెన్సూ ఆ ఇంటిదే కావాలి. బాడీ నాలుగైదేళ్లకు పాతబడుతుంది, లెన్సు ఇరవై ఏళ్లు ఉంటుంది. మన డబ్బుకి ఫుల్‌ఫ్రేమ్ దండగ, ఎందుకంటే దాని లెన్సులకే డబ్బంతా అయిపోతుంది. ఏపీఎస్-సి చాలు. సోనీ ఈ మౌంటులో జడ్‌వీ-ఈ10 ఉంది, నికాన్ జడ్ మౌంటులో జడ్30 ఉంది, కానన్ ఆర్ఎఫ్‌లో ఆర్50 ఉంది. ఇందాక చెప్పిన 16, 30, 56 ఎఫ్ 1.4 లెన్సులు సిగ్మా కంపెనీ ఈ మూడు మౌంట్లకూ చేస్తోంది. కానన్ ఆ దారి తెరిచింది 2024లోనే, అంతకుముందు ఆ మౌంటులో చవకైన మంచి లెన్సు దొరకడం కష్టంగా ఉండేది. మూడింట్లోనూ బాడీ లోపల చేతి వణుకు ఆపే ఏర్పాటు లేదు, కాబట్టి మూడుకాళ్ల స్టాండు తప్పనిసరి. మైకు పెట్టుకునే రంధ్రం మూడింటికీ ఉంది. రికార్డయ్యే శబ్దం అక్కడికక్కడే చెవిలో వినడానికి హెడ్‌ఫోన్ రంధ్రం మాత్రం సోనీకే ఉంది. ఆ ఒక్క కారణంతో మా ఓటు సోనీకి. ఉన్న డబ్బులో సగానికి మించి బాడీ మీద పెట్టొద్దు.

హెడ్‌ఫోన్ రంధ్రానికి ఓటేమిటని నవ్వుతున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి మీకు తెలుసు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ సవర నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని, వాటికి క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారని చెబుతారు. సవర మాటల మధ్యలో గొంతు దగ్గర టక్కున ఆగే ధ్వని ఉంది చూడండి, అది తెలుగు అక్షరాల్లో పట్టదు. ఆయన దాన్ని చెవితో పట్టి రాశారు. మన కెమెరాకి ఉన్న చిన్న మైకు గాలి హోరులో దాన్ని మింగేస్తుంది. అప్పుడు మన దగ్గర పాట ఉన్నట్టే ఉంటుంది గానీ మాట తెలియదు. కాబట్టి బట్టకి గుచ్చుకునే మైకు, దాని మీద గాలి ఆపే బొచ్చు తొడుగు, లెన్సు కంటే ముందే కొనండి. అదీ లేని రోజున ఆ పదో తరగతి పిల్లాడు చేసినట్టు ఫోను పక్కన పెట్టండి.

చిన్న చిన్న సంగతులు గబగబా చెప్తాం. మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరా 30 ఫ్రేములు, షట్టరు 60లో ఒక వంతు మీద ఉంటే ట్యూబులైటు, ఎల్ఈడీ బల్బు కింద చారలు పాకుతాయి. మెనూలో పాల్ పెట్టి 25 ఫ్రేములు, షట్టరు 50లో ఒక వంతు పెట్టండి. 4కె వీడియో 100 ఎంబీపీఎస్ మీద తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది, 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. వీ30 అని రాసి ఉన్న కార్డే కొనండి. గూడలో కరెంటు పోతే పని ఆగకుండా అదనంగా రెండు బ్యాటరీలు, ఒక పవర్ బ్యాంకు. తీసినది అదే రాత్రి రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించండి, ఒకటి సంఘం దగ్గర, ఒకటి వేరే ఊళ్లో. వానాకాలం మన కొండల్లో బట్టలే ఆరవు, లెన్సుని తోలు సంచిలో పెట్టి ట్రంకు పెట్టెలో పడేస్తే మూణ్ణెల్లలో అద్దం మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. మాకు అదీ జరిగింది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

ఇంకో మాట, ఇది యంత్రం గురించి కాదు. ఇంతకాలం మన బొమ్మలు తీసింది ఎక్కువగా బయటివాళ్లే. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకం వేశారు. 2008లో 'ది లింగ్విస్ట్స్' అని అమెరికా డాక్యుమెంటరీ ఒకటి ఒడిశాలో సవర మాట్లాడేవాళ్ల దగ్గరికి వచ్చింది. వాళ్లు చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఎవరింట్లో ఏది తీయొచ్చో ఏది తీయకూడదో మీకు తెలిసినంతగా వాళ్లకి తెలియదు. ఎజ్జోడు కొలుపు చేస్తున్నప్పుడు స్టాండు పెట్టే ముందు ఆయన్ని అడగండి. వద్దంటే లెన్సుకి మూత పెట్టేయండి. తీసినది ముందు ఆ ఇంటివాళ్లకి, ఆ గూడ అరుగు మీద చూపించండి. ఇది నెట్లో పెట్టొద్దు అని ఏ మామ్మైనా అంటే పెట్టొద్దు, లైకులు ఎన్ని వచ్చినా సరే.

కొనే తేదీ మీరే నిర్ణయించుకోండి. మేము అడిగేది ఒక్కటే. ఈ వారంలో పాలకొండలోనో పార్వతీపురంలోనో పెళ్లిళ్లు తీసే ఫోటోగ్రాఫర్ దగ్గర మిర్రర్‌లెస్ కెమెరా, ఒక ఎఫ్ 1.4 లెన్సు ఒక్క రోజుకి అద్దెకి తీసుకోండి. చీకటి పడ్డాక ఏదో ఒక ఇంట్లో, ఒక్క బల్బు కింద, మీ అమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడించి తీసి, మర్నాడు అందరూ కలిసి చూడండి. ఆ మామ్మ చెల్లెలు ఇంకా ఆ గూడలోనే ఉంది. అక్క పాటల్లో సగం తనకీ వచ్చునంటోంది. వచ్చే కందికొత్తలకి రమ్మని కబురు పంపింది. మేము వెళ్తున్నాం, జీపులో నలుగురికి చోటుంది.