లాటరీలో పేరు రాకపోతే

(మహిళల కార్యక్రమంలో ప్రసంగం)



మార్చి నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో రెండు దిగుళ్ళు మొదలవుతాయి. ఒకటి ఎప్పటి నుంచో ఉన్నదే – పిల్లల పరీక్షలు. రెండోది ఈ పాతికేళ్ళలో వచ్చిపడింది. అమెరికాలో ఉన్న అబ్బాయికో అమ్మాయికో హెచ్-1బీ లాటరీలో పేరు వస్తుందా, రాదా అని. పటమట, మొగల్రాజపురం, సత్యనారాయణపురం, అటు కంకిపాడు, ఉయ్యూరు, గుడివాడ దాకా ఏ వీధి చూసినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒక్కటైనా ఉంటుంది. పేరు వచ్చిన ఇంటివారు స్వీట్లు పంచుతారు. రానివారు తలుపు దగ్గరగా వేసుకుంటారు. ఇవాళ ఆ రెండో ఇంటి గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

అసలు ఈ లాటరీ ఏమిటంటే – అక్కడ కంపెనీలు విదేశీయులను ఉద్యోగంలో పెట్టుకోవడానికి ఇచ్చే వీసాలు ఏడాదికి 65,000. అమెరికాలో ఎం.ఎస్. వంటి పై చదువు చదివినవారికి మరో 20,000. మొత్తం 85,000. అడిగేవారేమో లక్షల్లో. 2025 మార్చిలో అర్హత ఉన్న దరఖాస్తులు సుమారు 3 లక్షల 44 వేలు వస్తే, ఎంపికైనవి లక్షా 20 వేలు. అంటే ముగ్గురిలో ఇద్దరికి రాలేదన్నమాట. అంతకు రెండేళ్ళ ముందు ఇంకా కష్టం, నాలుగు దరఖాస్తుల్లో ఒక్కటే ఎంపికైంది. ఈ పద్ధతి కూడా మారింది. 2025 డిసెంబరులో ప్రకటించిన నిబంధన ప్రకారం, జీతం స్థాయి ఎక్కువగా ఉన్న ఉద్యోగానికి ఎక్కువ చీట్లు వేస్తారు. అప్పుడే చదువు ముగించి చిన్న జీతంతో చేరిన పిల్లలకు దారి మరింత ఇరుకైంది.

మనం వీధిలో వేసే చీటీపాటలో ఈ నెల కాకపోతే పై నెలైనా మన వంతు తప్పకుండా వస్తుంది. ఈ లాటరీలో అలాంటి పూచీ ఏమీ లేదు. మూడుసార్లు వేసినా మూడుసార్లూ రానివారున్నారు. ఇందులో పిల్లవాడి తెలివితక్కువతనం లేదు, సోమరితనం లేదు. “పక్కింటివాడికి వచ్చిందిగా, నీకేమైంది?” అని అడిగే ముందు ఈ లెక్క ఒక్కసారి గుర్తుచేసుకుందాం.

రెండో సంగతి గడువు. చదువు అయ్యాక ఓ.పి.టి. పేరుతో 12 నెలలు ఉద్యోగం చేసుకోనిస్తారు. సైన్సు, ఇంజనీరింగు, లెక్కల వంటి చదువులైతే ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. ఆ మూడేళ్ళలో మూడు లాటరీలు చూడవచ్చు. అవి అయ్యాక 60 రోజుల్లో దేశం విడిచి రావాలి, లేదా వేరే చదువులో చేరాలి, లేదా మరో వీసాకు దరఖాస్తు పెట్టాలి. కనుక మూడో లాటరీ పోయాక ఆలోచిద్దాంలే అనుకోకూడదు. మొదటిసారి రాలేదని తెలిసిన రోజునే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి.

మన ప్రకాశం బ్యారేజీ గేట్లు దించితే నీళ్ళు ఊరికే పోవు కదండీ. ఏలూరు కాలువకూ బందరు కాలువకూ మళ్ళి పొలాలకు అందుతాయి. చదువూ అంతే. ఆ కాలువలేమిటో చూద్దాం.

మొదటిది అమెరికాలోనే ఉంది. విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రులు, లాభం ఆశించని పరిశోధన సంస్థలు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు – వీటికి లాటరీ వర్తించదు. ఏడాదిలో ఎప్పుడైనా హెచ్-1బీకి దరఖాస్తు పెట్టవచ్చు. జీతం ప్రైవేటు కంపెనీకన్నా తక్కువ ఉండవచ్చు. “అంత చదివి కాలేజీలో ఉద్యోగమా?” అని మనం మూతి విరవకుండా ఉంటే, పిల్లలు ఆ వైపు చూస్తారు.

రెండోది, పనిచేస్తున్న కంపెనీనే అడగడం. దానికి ఇండియాలోనో కెనడాలోనో ఆఫీసు ఉంటే అక్కడికి బదిలీ చేయమనవచ్చు. బయట ఆఫీసులో ఏడాది పనిచేశాక, ఆ ఉద్యోగానికి తగిన అర్హతలుంటే, ఎల్-1 అనే వీసా మీద కంపెనీయే తిరిగి పిలిపించుకోవచ్చు. దానికి లాటరీ లేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంపు ఇచ్చిన ఉత్తర్వులో, దేశం బయట ఉన్నవారికి కొత్తగా హెచ్-1బీ అడిగితే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. అందుచేత విమానం ఎక్కే ముందే తన విషయంలో నిబంధనలు ఎలా ఉన్నాయో లాయరును అడిగి తెలుసుకోవాలి.

మూడోది వేరే దేశాలు. కెనడాలో చీటీలు తీయరు, మార్కులు వేస్తారు. వయసు, చదువు, భాష, అనుభవం చూసి ఎక్కువ మార్కులున్నవారిని పిలుస్తారు. ఇంగ్లండు 2022లో ఒక వీసా పెట్టింది. తాము ప్రకటించిన జాబితాలోని విదేశీ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ళ లోపు పట్టా పుచ్చుకున్నవారు, ఉద్యోగం చేతిలో లేకపోయినా వెళ్ళి రెండేళ్ళు ఉండవచ్చు. జర్మనీ 2024 జూన్‌లో “అవకాశ కార్డు” మొదలుపెట్టింది. ఏడాది ఉండి ఉద్యోగం వెదుక్కోవచ్చు, ఆ లోపు వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు. ఖర్చులకు డబ్బు చూపించాలి, భాష కొంత నేర్చుకోవాలి. అదే ఏడాది అక్టోబరులో, నైపుణ్యం గల భారతీయులకిచ్చే వీసాలను ఏటా 20,000 నుంచి 90,000కు పెంచుతామని కూడా జర్మనీ ప్రకటించింది.

నాలుగోది మన ఊరు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటికీ ఇప్పటికీ పోలిక లేదు. ఏ అమెరికా కంపెనీలో మన పిల్లలు చేరాలనుకున్నారో, ఆ కంపెనీల పెద్ద పెద్ద ఆఫీసులు అక్కడే ఉన్నాయి. మన గన్నవరం పక్కన కేసరపల్లిలోనూ హెచ్.సి.ఎల్. క్యాంపస్ వచ్చింది. జీతం డాలర్లలో రాదు, నిజమే. కానీ అద్దె, తిండి ఖర్చులు కూడా డాలర్లలో ఉండవు కదా!

ఇవి మంచి దారులు. ఇక దొంగదారులు కూడా ఉన్నాయి, వాటిని గురించి తప్పక చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అని ఒకటుండేది. ఫీజు కడితే చాలు, తరగతికి వెళ్ళకుండా ఎక్కడో ఉద్యోగం చేసుకోవచ్చన్నారు. 2011 జనవరిలో అధికారులు సోదా చేసి మూసేశారు. అందులో ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. 2019లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ సంగతి ఇంకా విచిత్రం. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే, వీసా మోసాలను పట్టుకోవడానికి! మొదటి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. సాయానికి అక్కడి తెలుగు సంఘాలు ముందుకు రావలసివచ్చింది.

కాబట్టి మూడు గుర్తులు పెట్టుకోండి. తరగతులు లేని కాలేజీని నమ్మవద్దు. చేయని ఉద్యోగాన్ని చేసినట్టు రాసిపెట్టే కన్సల్టెన్సీని నమ్మవద్దు. హెచ్-1బీ దరఖాస్తు ఖర్చు కంపెనీ భరించవలసినది, అది మీ అబ్బాయినే కట్టమంటే అనుమానించండి.

చదువుకున్న పిల్లలు ఇలాంటి చోటికి ఎందుకు వెళతారు? తెలియక కొందరు. ఇంటికి రాలేక చాలామంది. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన బ్యాంకు అప్పు ఒక పక్క, “అమెరికా సంబంధం” అని మాట్లాడుకున్న పెళ్ళి ఇంకో పక్క, బంధువులకు ఏం చెప్పాలన్న నామోషీ మరో పక్క. ఫోనులో మనం “ఏమైంది, ఏమైంది” అని అడిగిన కొద్దీ వాళ్ళు ఏదో ఒకటి చేసి అక్కడే ఉండిపోవాలని చూస్తారు.

ఇక్కడే మన చేతిలో పని ఉంది. ముందుగా అప్పు లెక్క కాగితం మీద రాయండి. మామూలుగా విద్యారుణానికి చదువు కాలం, ఆపైన ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వీలైతే ఆ వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేయండి. ఇబ్బంది అనిపిస్తే వాయిదా తప్పకముందే బ్యాంకు మేనేజరును కలిసి గడువు పొడిగించమని అడగండి. ఇక్కడి జీతంతో ఎన్నేళ్ళలో తీరుతుందో లెక్కకట్టి పిల్లవాడికి చెప్పండి. ఎన్నేళ్ళో తెలిస్తే అప్పు భయం సగం తగ్గుతుంది. పెళ్ళి విషయంలో వీసాను చూసి కాక మనిషిని చూసి మాట్లాడుకోండి. ఆడపిల్లయితే మరీ ముఖ్యం. వీసా రాలేదు కదా అని హడావిడిగా ఏదో ఒక సంబంధానికి కట్టబెట్టడం పరిష్కారం కాదు.

అన్నిటికన్నా ముందు ఒక్క మాట ఫోనులో చెప్పండి – “నాయనా, తల్లీ, ఉండగలిగితే సక్రమంగా ఉండు, లేకపోతే ఇంటికి రా. నీ గది నీకు ఉంది. అప్పు సంగతి అందరం కలిసి చూసుకుందాం.” తల్లి ఈ మాట అంటే చాలు, ఆ పిల్లవాడు దొంగదారి వైపు చూడడు. ధైర్యంగా కూర్చుని మంచి దారి వెదుక్కుంటాడు.