అల్యూట్‌ల మాటలో సువార్త



ఇవాన్ వెనియమినోవ్ అనే రష్యన్ ఆర్థడాక్స్ గురువు గురించి ఈ పూట చెప్పుకుందాం. 1797లో సైబీరియాలోని అంగా అనే పల్లెలో పుట్టాడు. 1824లో భార్యాబిడ్డలతో, తల్లితో, తమ్ముడితో అలాస్కా పక్కనున్న ఉనలాస్కా దీవికి చేరాడు. అక్కడి మూలవాసులు అల్యూట్‌లు. తోలు పడవల్లో సముద్రం మీద వేటాడి బతికే జనం.

ఆయనకంటే చాలా ముందే అక్కడికి బొచ్చు వ్యాపారులు వెళ్ళారు. తుపాకులు చూపించి మగవాళ్ళను వేటకు తోలారు. ఎదురు తిరిగినవాళ్ళను చంపారు. హింసకు రోగాలు తోడై ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. వెనియమినోవ్ కూడా వ్యాపార కంపెనీ ఖర్చు మీదే అక్కడ బతికాడు. ఈ సంగతి దాచనక్కరలేదు. కంపెనీ తిండి తింటూ ఆయన ఎవరి పక్కన నిలబడ్డాడన్నదే మనకు ముఖ్యం.

ఆయన వాళ్ళకు వడ్రంగం నేర్పి, వాళ్ళతో కలిసి గుడి కట్టాడు. వాళ్ళ దగ్గర వాళ్ళ భాష నేర్చుకున్నాడు. ఇవాన్ పాంకోవ్ అనే అల్యూట్ పెద్ద సాయంతో ఆ భాషకు లిపి కూర్చాడు, మత్తయి సువార్తను అనువదించాడు. 1833లో పరలోక రాజ్యానికి దారి చెప్పే పుస్తకాన్ని నేరుగా అల్యూట్‌లోనే రాశాడు. పిల్లలకు బడి పెట్టాడు. పాంకోవ్ పేరు కూడా గుర్తుంచుకోండి. ఆ మూలవాసి లేకపోతే ఆ సువార్త లేదు.

తర్వాత ఆయన ఇన్నోసెంట్ అనే పేరుతో బిషప్ అయ్యాడు, 1868లో మాస్కో మెట్రోపాలిటన్ అయ్యాడు. 1879లో కన్నుమూశాడు.

1867లో రష్యా అలాస్కాను అమెరికాకు అమ్మేసింది. 1885 నుంచి అక్కడి బడుల బాధ్యత షెల్డన్ జాక్సన్‌ది. ఆయనా మిషనరీయే, ప్రెస్బిటీరియన్. ఆ బడుల్లో ఇంగ్లీషే చెల్లింది, మూలవాసుల భాషలకు చోటు లేదు. ఇద్దరూ ప్రకటించింది ఒకే క్రీస్తును. ఒకరు జనం భాషకు అక్షరాలిచ్చారు. మరొకరు పిల్లల నోట ఆ భాష లేకుండా చూశారు.

పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మ జనాన్నందరినీ ఒకే భాషకు తేలేదు. ఎవరి భాషలో వాళ్ళకు వినిపించాడు.

పొరుగు రాష్ట్రాల్లో మన పిల్లలకు తెలుగు బడి లేదని బాధపడేవాళ్ళం మనం. మరి మన సంఘాల్లో వెనక వరసలో కూర్చునే సవర అన్న, కోయ అక్క తమ భాషలో ప్రార్థించడానికి మనం చోటిచ్చామా? వాళ్ళ భాషలో ఒక్క పాటైనా నేర్చుకున్నామా? వచ్చే ఆదివారం వాళ్ళ పక్కన కూర్చుని అక్కడే మొదలుపెడదాం.