మంచు మీద నుంచి మైకు ముందుకు
(వార్షికోత్సవ సభలో, మహిళలు, యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను క్రీడల గురించి మాట్లాడమన్నారు. హాకీ అంటే బరంపురం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2023 ప్రపంచ కప్పు వాళ్ల రాష్ట్రంలోనే, భువనేశ్వర్‌లో, రూర్కెలాలో జరిగింది. నేను చెప్పబోయేది మాత్రం కెనడాలో మంచుగడ్డ మీద ఆడే హాకీ. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు. కాళ్లకు స్కేట్లు, బంతికి బదులు పక్ అనే నల్ల రబ్బరు బిళ్ల. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆ వేగానికి ఎవరైనా నిమిషంలోపే అలిసిపోతారు, అందుకని ఆట నడుస్తుండగానే మనుషులు మారుతుంటారు. తప్పు చేస్తే మామూలుగా రెండు నిమిషాలు పక్కన ఒక గదిలాంటి దాంట్లో కూర్చోబెడతారు. అప్పుడు జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఆమె పేరు కాసీ క్యాంబెల్, పెళ్లయ్యాక క్యాంబెల్ పాస్కల్. 1973లో ఒంటారియో రాష్ట్రంలో పుట్టింది, బ్రాంప్టన్‌లో పెరిగింది, గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో చదివింది. 1994లోనే ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన కెనడా జట్టులో ఉంది. మొదట్లో వెనక కాపలా ఆట, తర్వాత ముందు వరసలోకి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. రెండు చోట్లా నిలబడి చూసిన మనిషికి ఆట రెండు వైపుల నుంచీ అర్థమవుతుంది.

1998లో నగానో ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ల ఐస్ హాకీ పెట్టారు. ఫైనల్లో అమెరికా చేతిలో 3-1తో ఓడి, రజతంతో ఇంటికొచ్చారు. తర్వాత 2002, సాల్ట్ లేక్ సిటీ. అప్పటికి కాసీ కెప్టెన్. ఒలింపిక్స్ ముందు అమెరికాతో ఆడిన ఎనిమిది మ్యాచ్‌ల్లో ఎనిమిదీ ఓడిపోయారు. ఫైనల్ జరిగేది అమెరికా గడ్డ మీద, రిఫరీ కూడా ఆ దేశం మనిషే. ఆ మ్యాచ్‌లో కెనడా మీద వరసగా ఎనిమిది పెనాల్టీలు పడ్డాయి. ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా, లెక్క వేసుకోండి, ఎంతసేపు మనిషి తక్కువతో ఆడి ఉంటారో. రెండో భాగం అయిపోవడానికి ఒక్క సెకను ఉందనగా జేనా హెఫర్డ్ గోల్ కొట్టింది, 3-1. చివరికి 3-2తో స్వర్ణం. 2006లో ట్యూరిన్‌లో స్వీడన్‌ను 4-1తో గెలిచి, మళ్లీ స్వర్ణం. అప్పుడూ ఆమే కెప్టెన్.

అదే ఏడాది, ముప్ఫై రెండేళ్లకే ఆట మానేసింది. నాకు అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

అక్కడ శనివారం రాత్రి వచ్చే హాకీ ప్రసారానికి 'హాకీ నైట్ ఇన్ కెనడా' అని పేరు. టీవీలో 1952 నుంచీ వస్తోంది. మన ఇళ్లలో క్రికెట్ ఫైనల్ రోజు ఎట్లుంటుందో అక్కడ ప్రతి శనివారం అట్లుంటుంది. అందులో కాసీ మంచు పక్కన నిలబడి ఆటగాళ్లను పలకరించే రిపోర్టరుగా చేరింది. 2006 అక్టోబరు 14న హ్యారీ నీల్ అనే సీనియర్ విశ్లేషకుడు బఫెలోలో తన ఇంట్లో మంచు తుఫానుకు చిక్కుకుపోయాడు. మ్యాచ్‌కు రాలేడు. అప్పటికప్పుడు ఆయన కుర్చీలో ఈమెను కూర్చోబెట్టారు. ఆ కార్యక్రమంలో ఒక ఆడమనిషి ఆ పని చేయడం అదే మొదటిసారి.

ఆ పని ఏమిటో చెప్తాను. కామెంటరీలో ఇద్దరుంటారు. పక్ ఎవరి దగ్గరుంది, ఎవరు కొట్టారు అని ఒకరు చెప్తారు. అది ఎందుకు అట్లా అయిందో ఇంకొకరు చెప్తారు. కాపలా మనిషి ఒక అడుగు ముందుకు ఎందుకు జరిగింది, గోల్‌కీపర్‌కు పక్ ఎందుకు కనపడలేదు, ఇవన్నీ. దీన్నే వాళ్లు కలర్ కామెంటరీ అంటారు. కంటికి కనపడేదాన్ని ఎవరైనా చెప్పొచ్చు. చేతికి తెలిసినదాన్ని మాటలో పెట్టడం వేరే విద్య. మగవాళ్ల లీగులో ఆడని మనిషి ఆ లీగు గురించి ఏం చెప్తుంది అనేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. ఆమె మాత్రం పదిహేడేళ్లు ఆ రంగంలోనే ఉంది. 2014లో ప్రసార హక్కులు మారాక స్పోర్ట్స్‌నెట్‌లో, 2021 నుంచి ఈఎస్‌పీఎన్‌లో కూడా. 2020 మార్చి 8న క్యాల్గరీ, వేగస్ మ్యాచ్‌ను లియా హెక్స్‌టాల్, క్రిస్టీన్ సింప్సన్, కాసీ ముగ్గురే నడిపారు. కెనడాలో అందరూ ఆడవాళ్లే నడిపిన మొదటి ఎన్‌హెచ్‌ఎల్ ప్రసారం అది.

ఇది మనకెందుకు అంటారా? ఒక ప్రదర్శనకు పోయాను, ఏ ఊరో చెప్పను. మా పెదనాన్నను గుంట మగ్గం మీద కూర్చోబెట్టారు. పక్కన ఒక అమ్మాయి మైకు పట్టుకుని, కాగితం చూసి వివరిస్తోంది. పడుగును పేక అంది, పేకను పడుగంది. యాభై ఏళ్లు నాడె విసిరిన మనిషి నవ్వి ఊరుకున్నాడు. ఆయన్ను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. నాకు కోపం వచ్చింది ఆ అమ్మాయి మీద కాదు, పాపం ఆమెకు ఇచ్చిన కాగితమే అది. మన చీర గురించి షావుకారు చెప్తాడు, డిజైనర్ చెప్తుంది, నేసినవాడు చెప్పడు. కండెలు చుట్టిన ఆడవాళ్లయితే ఫొటోలో కూడా ఉండరు. మోకాళ్లు అరిగి మగ్గం దిగినవాళ్లు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్నారు. వాళ్ల పని అయిపోయిందని మనమే అంటున్నాం.

కాసీ 2023లో మైకు కూడా వదిలి, అమ్మాయిల కొత్త లీగు పీడబ్ల్యూహెచ్‌ఎల్‌కు సలహాదారుగా వెళ్లింది. 2024 జనవరి 1న ఆరు జట్లతో అది మొదలైంది, ఆటగత్తెలకు జీతాలున్నాయి. ఆమె ఆడిన రోజుల్లో అట్లాంటిది లేదు.

నిర్వాహకులకు ఒక మనవి. మధ్యాహ్నం కింద హాల్లో మగ్గం చూపిస్తారట కదా, మైకు నేసేవాళ్ల చేతికే ఇవ్వండి. మొదట ఎవరూ మాట్లాడరు, సిగ్గుపడతారు. పిల్లలూ, మీరు వెళ్లి అడగండి, "తాతా, పోగు తెగితే నీకు ఎట్లా తెలుస్తది?" అని. ఫోన్లో రికార్డు చేసుకోండి, కనీసం ఒక గంట పట్టేంత ఛార్జింగ్ చూసుకోండి.