గద్దరన్న పాట ఎవరి సొత్తు?

(ఆగస్టు 6న మా వాడలో జరిగిన యాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తారీఖు మనకు రెండుసార్లు దుఃఖం తెచ్చింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది మన బిడ్డల్ని నరికి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పారేసిన్రు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2023లో అదే ఆగస్టు 6న గద్దరన్న హైదరాబాదులో కన్నుమూసిండు. అందుకే ఇవాళ ఒక్క ఫోటోకు దండ వేసి లేచిపోదామని మనం కూర్చోలేదు.

గద్దరన్న అసలు పేరు గుమ్మడి విఠల్. మెదక్ జిల్లా తూప్రాన్‌లో మనలాంటి వాడలోనే పుట్టిండు. తల్లి లచ్చుమమ్మ. ఇంజనీరింగు చదువు మధ్యలో ఆగింది. కెనరా బ్యాంకులో ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో మన ఇంట్ల ఒకడికి బ్యాంకు కొలువు వస్తే ఏడు తరాల ఆకలి తీరినట్టే గదా. 1984లో ఆ కొలువుకు రాజీనామా పెట్టి జననాట్యమండలి పనిలోకి పోయిండు. దాన్ని త్యాగం అని ఒక్క మాటతో అనేస్తే సరిపోదు. ఆ జీతం ఎంత బరువో మొదటి తరం చదువుకున్న మా అసోంటోళ్ళకు బాగా తెలుసు.

పంజాబోళ్ళ గదర్ పార్టీ పేరు మీద మొదట పాటల పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం పేరే మనిషికి అంటుకుంది.

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఏం జరిగిందో పెద్దలకు యాదికుంది, పిల్లలకు చెప్పాలె. మాదిగలు తాగే నీళ్ళ చెరువులో గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఇదేం పని అని అడిగిన్రు. మున్నంగి సువార్తమ్మ తన మీదికొస్తే బిందె ఎత్తి అడ్డుకుంది. అంతే, తెల్లారి వాడ మీద పడి ఆరుగుర్ని చంపిన్రు. బతికినోళ్ళు చీరాలకు పోయి శిబిరం పెట్టిన్రు, ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. గద్దరన్న కారంచేడు మీద పాట కట్టిండు. ఆ పాటలో మనోళ్ళు ఏడ్చుకుంట చేతులు జోడించిన బాధితులు కారు, తిరగబడ్డ పులులు. అంతకుముందు మన చావుల మీద జాలి పడ్డోళ్ళు ఉన్నరు. మనల్ని పులులన్నోళ్ళు ఎందరున్నరు? మేము చిన్నగున్నప్పుడు టేపురికార్డరు చుట్టూ వాడంతా కూర్చుని ఆ క్యాసెట్ విన్నది. టేపు తెగితే గోళ్ళ రంగుతో అతికించి మళ్ళ విన్నది.

అదే ఏడు ఆయన అజ్ఞాతంలోకి పోయిండు. 1990లో బయటికొస్తే నిజాం కాలేజీ మైదానం జనంతో నిండింది. గొంగడి, గజ్జెలు, చేతిలో రుమాలు! పాట మధ్యలో ఆపి ముచ్చట చెప్పుడు, మళ్ళ అందుకునుడు. అది ఏ సంగీత కళాశాలలో నేర్పింది కాదు. ఒగ్గుకథది, బుర్రకథది, నాటేసే అమ్మలది.

ఎన్‌కౌంటర్లలో చచ్చిపోయినోళ్ళ శవాలను కన్నోళ్ళకు ఇయ్యాలని కొట్లాడుతున్న రోజుల్లో, 1997 ఏప్రిల్ 6న, అల్వాల్ దగ్గర ఇంటికొచ్చి కాల్చిన్రు. ఒక తూటా వెన్నుపూసలో ఉండిపోయింది. ఆయన పోయేదాకా ఆ కేసులో న్యాయం జరగలేదు. ఆ తూటాతోనే తెలంగాణ అంతా తిరిగి పాడిండు. ఆ తూటా ఉన్న దేహానికే చివరికి ప్రభుత్వ లాంఛనాలు చేసిన్రు. ఇప్పుడు సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టి 2025లో పంచిన్రు. పెట్టనియ్యండి, మనకు కోపం లేదు. కాని నంది అవార్డు వస్తే వద్దన్న మనిషి అని కూడ పిల్లలకు చెప్పండి.

చివరి రోజుల్లో గుళ్ళకు పోయిండనీ, 2018లో ఓటేసిండనీ, 2023లో పార్టీ పెట్టిండనీ తప్పుపట్టేటోళ్ళున్నరు. కొన్ని మాకూ నచ్చలేదు. కాని పుస్తకం పట్టుకుని తూకం వేసేటోళ్ళకు ఒక్క మాట: అంబేద్కర్ దగ్గరికి, బుద్ధుని దగ్గరికి ఆయన నడిచి వచ్చిండు. అల్వాల్‌లో తను పెట్టిన మహాబోధి బడి ఆవరణలోనే పండుకున్నడు. బడి పెట్టిన పాటగాడు! పంతుళ్ళం గనుక ఇది మాకు కొంచెం ఎక్కువ గొప్పగా అనిపిస్తది.

ఇగ మన ముచ్చట. మన యువకులు కొందరు డప్పు కొట్టమంటున్నరు. వాళ్ళ కోపం న్యాయం. ఊళ్ళో పీనుగు లేస్తే, జాతర వస్తే మనోడే ముందు నడవాలె. అయినంక తువ్వాల్లో నాలుగు గింజలు, చేతిలో సీసా. ఆ వెట్టి డప్పు బందు కావాల్సిందే, సంఘం తీర్మానం కూడ అదే. అయితే వెట్టిని బొంద పెట్టబోయి డప్పునే బొంద పెడదామా? గద్దరన్న సభల్లో మోగింది ఇదే డప్పు. అక్కడ ఎవడూ పిలిచి కొట్టించలేదు, మనం కొడితే వాళ్ళే వచ్చి విన్నరు.

ఇంకొకటి. నాట్లు నడుస్తున్నయి. మడిలో పాడేటోళ్ళు ఇప్పుడు అరవై దాటిన అమ్మలే, కోడళ్ళు ఫోన్లో పాట పెట్టుకుంటున్నరు. వచ్చే ఆదివారం నుంచి బడి పిల్లలు నోటుబుక్కు పట్టుకుని ఇంటింటికి వస్తరు. ఏ పాటొస్తే ఆ పాట చెప్పండి, సిగ్గుపడొద్దు. మరిచిపోయిన చరణం పక్కింటి అక్కనడిగి చెప్పండి. దసరాకల్లా ఆ పాటలన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తం. ఖర్చు సంఘానిది, పేర్లు మీవి.

చాలు, మా మాటలు ఎక్కువైనయి. అమ్మలు ముందుకొచ్చి కూర్చోండ్రి. మంట దగ్గర డప్పులు కాగినయి, పిల్లలు సిర్ర, సిటికెనపుల్ల పట్టుకుని నిలబడ్డరు.