ఈసారి మన మేడ్చల్ టీమ్ ఒక్క మ్యాచైనా గెలుస్తుందా? నా ప్రిడిక్షన్స్

ఈరోజు ఐపీఎల్ లేదు, ప్రీమియర్ లీగ్ లేదు. మేడ్చల్ దగ్గర నేను బీటెక్ చదివిన కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ గురించి మాట్లాడుకుందాం. పేరు చెప్పను, తమ్ముళ్ళు ఫీలవుతారు. పోయిన సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఈసారి కూడా అంతే అయితే టీమే ఉండదని పీడీ సార్ వాళ్ళకి ముందే చెప్పేశారట. సీజన్‌కి ఇంకో నెల టైముంది. అందుకే ఈ ఎపిసోడ్.

నేను ఆ టీమ్‌కి రెండేళ్ళు గోల్‌కీపర్‌ని. ఎందుకు ఓడిపోతున్నారని అడిగితే అందరూ స్కిల్ లేదంటారు. నేనైతే బస్ అంటాను. నాలుగింటికి క్లాసులు అయిపోతాయి, నాలుగుంపావుకి కాలేజీ బస్సులు కదులుతాయి. దిల్‌సుఖ్‌నగర్ పిల్లాడు ఆ బస్ మిస్ అయ్యాడంటే ఇల్లు చేరేసరికి రాత్రే. ఇంక ప్రాక్టీస్ ఎప్పుడు? లంచ్‌లో అరగంట.

ఒక మ్యాచ్ నాకింకా గుర్తుంది. 1-1 మీద ఉన్నాం, ఇంకో పదిహేను నిమిషాలుంది. బస్ హారన్ కొట్టింది. మావాళ్ళు ఇద్దరు బ్యాగులు పట్టుకుని పరిగెత్తారు. బెంచ్ మీద ఎవరూ లేరు. తొమ్మిది మందితో ఆడి 1-3 ఓడిపోయాం. వాళ్ళని తిట్టాలని కూడా అనిపించలేదు, నాదీ అదే బస్.

ఇప్పుడు షామీర్‌పేట వైపు చూడండి. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్, నల్సార్, రెండూ రెసిడెన్షియల్. క్లాస్ అయ్యాక గ్రౌండ్‌కి నడిచి వెళ్ళొచ్చు. మనకి ఆ సాయంత్రమే లేదు. పోయినేడు నేను చూసిన రెండు మ్యాచ్‌లూ హాఫ్ టైమ్‌కి 0-0. గోల్స్ అన్నీ ఆఖరి అరగంటలోనే పడ్డాయి. అంటే ఆట వచ్చు, స్టామినా లేదు.

మరి ఆశ ఉందా? ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో ఐఎస్‌ఎల్‌లో అట్టడుగున ఉంది, 18 మ్యాచ్‌లకి 10 పాయింట్లు. 2022 మార్చిలో అదే టీమ్ కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్ కొట్టింది. మళ్ళీ 2023-24కి అట్టడుగుకే వచ్చేసింది. పోయినేటి టేబుల్ చూసి ఈ ఏడు చెప్పలేం, పైకైనా కిందికైనా.

సరే, నా ప్రిడిక్షన్స్.

ఒకటి, మొదటి మ్యాచ్ ఓడిపోతాం. నూటికి డెబ్బై శాతం ఇదే. దానికే డీలా పడకండి. 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ చేసిన మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గుర్తున్నారుగా? 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన టీమ్ మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓడింది. ఫైనల్లో అదే కొరియాని 2-1తో కొట్టి గోల్డ్ తెచ్చింది.

రెండు, ప్లేస్‌మెంట్ డ్రైవ్స్ వల్ల ఫైనల్ ఇయర్ వాళ్ళు కనీసం ఒక మ్యాచ్‌కి రారు. రూల్ ప్రకారం ఏడుగురి కంటే తక్కువ ఉంటే మ్యాచ్ మొదలే పెట్టరు. సెకండ్ ఇయర్ వాళ్ళని ఇప్పటి నుంచే దింపండి.

మూడు, బస్ టైమ్ మారకపోతే రెండు డ్రాలు, గెలుపు సున్నా. వారానికి రెండు రోజులు ఒక్క బస్ ఆరింటికి కదిలితే మాత్రం ఒక మ్యాచ్ గెలుస్తాం. ఒకటే. ఎక్కువ చెప్పి మిమ్మల్ని మోసం చేయను.

అప్పటిదాకా ఆ లంచ్ అరగంటనే వాడుకోండి. రహీమ్ గారు డ్రిబ్లింగ్ లేకుండా ఆడే టోర్నమెంట్లు పెట్టేవారు, వీక్ ఫుట్‌తో ఆడే పోటీలు కూడా. బాల్ కాలి దగ్గర ఉంచుకోకుండా వెంటనే పాస్ ఇచ్చేయాలి. దీనికి పెద్ద గ్రౌండ్ అక్కర్లేదు, మీ పార్కింగ్ పక్కన జాగా చాలు. పాస్‌లు పెరిగితే పరుగు తగ్గుతుంది, ఆఖరి అరగంటకి కాళ్ళు మిగులుతాయి.

మేనేజ్‌మెంట్ వాళ్ళు ఈ వీడియో చూస్తుంటే ఒక్కటే రిక్వెస్ట్ సార్. టీమ్‌ని తీసేసే ముందు ఒక్క సీజన్ ఆ బస్‌ని ఆపి చూడండి.

తమ్ముళ్ళూ, రెండు మ్యాచ్‌లు గెలిచి నా ప్రిడిక్షన్ తప్పని నిరూపించండి, టీమ్ మొత్తానికి బిర్యానీ నాది. మీ కాలేజీలో కూడా ఇదే బస్ గోల ఉందా? కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి, బాయ్.