క్రీడాధర్మము - క్రీడాకారుల క్షేమము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున ఆటలను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. పుస్తకమునకును బంతికిని పొత్తేమి యని అడుగువారును ఉందురు. కాని పగలు ఇచ్చట పత్రిక చదువు బాలుడే సాయంకాలము కబడ్డీ బరిలో దిగుచున్నాడు. పుస్తకమున సత్యమును చదివి బరిలో అసత్యమాడినచో ఆ చదువు వ్యర్థము. దేహము నిలిచిననే ధర్మసాధన నిలుచునని మన కావ్యములు బోధించినవి. కావున ఈ రెండింటిని కలిపి చూచుట ఉచితము.

ఆట యనగా నియమమునకు లోబడిన పోరు. నియమమును తీసివేసినచో మిగులునది కొట్లాట మాత్రమే. బరిపై గీత గీచినంతనే ఇరుపక్షములవారును ఒక ఒప్పందమున చేరుచున్నారు. గెలుపునకై సర్వశక్తులను వెచ్చింతుము గాని గీతను దాటము అనుటయే ఆ ఒప్పందము. దీనినే క్రీడాధర్మమందురు. దీనికి తోడుగా మరియొక ధర్మము కలదు. అది ఆడువారి దేహమును, మనస్సును కాపాడుట. మొదటిది ఆటగాడు ఆటకు తీర్పవలసిన ఋణము. రెండవది ఆటను చూచి ఆనందించు సంఘము ఆటగానికి తీర్పవలసిన ఋణము. ఈ రెండు పద్దులును సరిపడిననే లెక్క తేలును.

మహాభారత కథయంతయు ఒక ఆటలోని కపటమువలన మలుపు తిరిగినది. శకుని పాచికల మోసమున ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, తుదకు తన్నును, ద్రౌపదిని ఒడ్డి ఓడెను. ఆ సభలో పెద్దలు లేకపోలేదు. ఉండియు పెక్కండ్రు నోరు మెదపలేదు. మోసగించినవాని దోషమెంతయో, కనియు మిన్నకున్నవారి దోషమును అంతయే. శల్యపర్వములోని గదాయుద్ధ ఘట్టమును చూడుడు. నాభికి క్రింద కొట్టరాదను నియమమును మీరి భీముడు దుర్యోధనుని తొడలు విరుగగొట్టగా, బలరాముడు నాగలి యెత్తి భీమునిపైకి లేచెను. ఇరువురును ఆయన శిష్యులే. దుర్యోధనుని దుష్కృత్యములు ఆయన యెరుగనివి కావు. అయినను నియమభంగమును సహింపలేకపోయెను. శ్రీకృష్ణుడు ఎన్నియో చెప్పి ఆయనను నిలువరింపవలసి వచ్చెను. భీముని పక్షమున వాదించువారు వాదింపవచ్చును గాని, ఆటకు తీర్పరియగువాడు పక్షమును గాక నియమమును చూడవలెనను నీతి మాత్రము అచ్చట నిలిచినది.

అంత దూరమేల? పల్నాటి కథ తెలుగునాట ఎరుగనివారు లేరు. కోడిపోరు పందెమున ఓడిన బ్రహ్మనాయుని పక్షమువారు ఏడేండ్లు దేశాంతరవాసము చేయవలసి వచ్చెను. ఆ పోరులో కపటము జరిగినదని కథకులు పాడుదురు. వినోదమునకై మొదలైన పందెము కారెంపూడి రణరంగమున అన్నదమ్ముల నెత్తురుతో ముగిసెను. ఆ కథలోని నాయకురాలు నాగమ్మ మన జగిత్యాల ప్రాంతపు ఆడపడుచని ఒక వాడుక కూడ కలదు. ఆటలో పందెము చొచ్చిన పిమ్మట అది ఆటగా మిగులదను పాఠము మనకు ఇంటి దగ్గరిదే.

కర్ణుని కథ మరియొక పాఠమును చెప్పుచున్నది. కౌరవ పాండవ కుమారులు అస్త్రవిద్యను ప్రదర్శించు రంగమున కర్ణుడు అర్జునునితో సమానముగా నిలువ వచ్చినప్పుడు, కృపుడు అతని విద్యను అడుగలేదు, కులమును అడిగెను. నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనున్న వేములవాడయందు పదవ శతాబ్దమున చాళుక్య అరికేసరి కొలువులో నుండి కన్నడ భారతమును రచించిన పంప మహాకవి, అర్జునుని నాయకునిగా చేసికొనియు, కర్ణుని యెడల అపారమైన గౌరవమును చూపెను. ప్రతిపక్షమువాని గొప్పతనమును ఒప్పుకొనుట కవికే గాక క్రీడాకారునికిని భూషణము.

అర్హతను బరిలోనే తేల్చవలెనను ఈ న్యాయమునకై మన పొరుగు జిల్లా బాలిక యొకతె నిలిచిన విధము స్మరింపదగినది. నిజామాబాదులో పుట్టిన నిఖత్ జరీన్ 2011లో టర్కీ దేశమున జూనియర్ ప్రపంచ బాక్సింగు విజేత యయ్యెను. 2017లో భుజమునకు గాయమై చాలకాలము బరికి దూరమయ్యెను. కోలుకొని వచ్చిన పిమ్మట, 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు, ఆరు మార్లు ప్రపంచ విజేతయైన మేరీ కోమ్‌ను పరీక్ష లేకయే పంపుదురను మాట వినవచ్చెను. అప్పుడు నిఖత్ కేంద్ర క్రీడల మంత్రికి లేఖ వ్రాసి, తనకు పదవిని గాని దయను గాని కోరక, న్యాయమైన పోటీని మాత్రమే కోరెను. ఆ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన ఢిల్లీలో పోటీ జరిగినది. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయెను. ఓడినందున ఆమె కోరిక తప్పు కాలేదు. పోటీ జరిగినందున మేరీ కోమ్ కీర్తికిని లోటు రాలేదు. నిఖత్ తిరిగి సాధనకు పోయి, 2022 మే 19వ తేదీన ఇస్తాంబూల్‌లో ప్రపంచ విజేత యయ్యెను. 2023లో ఢిల్లీలో మరల ఆ బిరుదమును గెలిచెను. కులమడిగి బరినుండి త్రోసివేయుటయు, పేరు చూచి బరిలోనికి దింపుటయు ఒకే చెట్టు కొమ్మలు.

ఈ మాట ఢిల్లీకి మాత్రమే చెందినది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పరిసరములలో పాఠశాలల పోటీలైనను, పండుగనాటి గ్రామపోటీలైనను ఇట్టి పరీక్షయే ఎదురగును. పదునేడేండ్లవానిని పదునాలుగేండ్లవానిగా పత్రమున వ్రాయించి దింపినచో, నిజముగా పదునాలుగేండ్లున్న పేద బాలుని అవకాశము అపహరింపబడుచున్నది. పై ఊరినుండి కూలికి ఆటగాండ్రను తెచ్చి ఊరిపేర గెలిచిన కప్పు, అరువు నగవలె తళుకు చూపును గాని ఇంటి సొమ్ము కాదు. దొంగపత్రము వ్రాయించినవాడు తండ్రియైనను, గురువైనను, బాలునికి అతడు నేర్పిన మొదటి పాఠము అసత్యమే.

ఇక పందెముల మాట. 2000 సంవత్సరము ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు ఆటల బేరములను బయటపెట్టిరి. దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు నాయకుడు హాన్సీ క్రోన్యే పందెగాండ్రయొద్ద ధనము పుచ్చుకొన్నట్లు ఒప్పుకొని జీవితకాల నిషేధమునకు గురియయ్యెను. ఆ కలకలముననే భారత క్రికెట్ బోర్డు హైదరాబాదు వాడైన మహమ్మద్ అజహరుద్దీన్‌పై 2000 డిసెంబరులో జీవితకాల నిషేధము విధించెను. 2012లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఆ నిషేధము చట్టమునకు నిలువదని కొట్టివేసెను. ఇందుండి రెండు సంగతులు గ్రహింపవలెను. ఆటను అమ్ముకొనుట మహాపరాధము. అట్లని నిందితుని దోషమును న్యాయమార్గమున స్థాపింపకయే శిక్షించుటయు ధర్మము కాదు.

పూర్వము పందెగాని కొరకు పట్టణమునకు పోవలసి యుండెను. నేడు పందెగాడు చేతిలోని ఫోనులోనే కాపురమున్నాడు. ఐపీఎల్ ఆటలనాళ్లలో బంతి బంతికి పందెము కట్టి, సాంచాలపై రాత్రింబగళ్లు నిలిచి తండ్రి సంపాదించిన కూలిని, బీడీలు చుట్టి తల్లి కూడబెట్టిన రూకలను, గల్ఫునుండి అన్న పంపిన ధనమును పోగొట్టుకొను యువకులు లేరని ఏ ఊరు చెప్పగలదు? 2017లోనే తెలంగాణ ప్రభుత్వము జూదచట్టమును సవరించి ఆన్‌లైన్ పందెములను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ధనము ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించు చట్టము చేసినది. కాని చట్టము వీధివాకిట కావలి కాయగలదు గాని ఇంటిలోపలి జేబును కాయజాలదు. జూదమున పోయినది జూదముననే రాబట్టుదుననుట భ్రమ. ఇంటివారు కోపించి తరుమక, అప్పు ఎంతయో దాపరికము లేక చెప్పించి, ఆనాడే ఆ ఖాతాను మూయింపవలెను. సిగ్గుతో దాచిన అప్పు వడ్డీకంటె వేగముగ పెరుగును, ప్రాణములమీదికిని తెచ్చును.

మరియొక మోసము దేహముతో చేయునది. 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా దేశపు బెన్ జాన్సన్ నూరు మీటర్లను 9.79 సెకండ్లలో పరుగెత్తి లోకమును ఆశ్చర్యపరచెను. పిదప అతని దేహమున స్టెరాయిడ్ మందు బయటపడగా పతకము వెనుకకు తీసికొనిరి. 1999లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ఏర్పడినది. మన దేశమున నాడా యను సంస్థ 2005లో ఏర్పడగా, 2022లో ప్రత్యేక చట్టము వచ్చినది. ఈ నియమములలో క్రీడాకారులు మరువరానిది ఒకటి కలదు. తన దేహమున దొరికిన దానికి తానే బాధ్యుడు. తెలియక మింగితిని, గురువు ఇచ్చెను అను మాటలు దోషమును మాన్పవు. కావలెనని వాడినట్లు తేలినచో సాధారణముగ నాలుగేండ్ల నిషేధము. ఆటగాని యౌవనమే పదియేండ్లు. అందు నాలుగు పోయిన మిగులునదేమి? స్టెరాయిడ్లవలన గుండెకు, కాలేయమునకు హాని కలుగును, సంతానశక్తియు తగ్గును. పట్టణపు వ్యాయామశాలలో ఎవడో ఇచ్చిన పేరులేని పొడిని, సూదిమందును నమ్మి కండలు పెంచుకొనువారు ఈ సంగతి ఎరుగవలెను. జొన్నరొట్టె, పప్పు, గ్రుడ్డు, పాలు, నిండు నిద్ర - ఇవి ఏ పరీక్షకును భయపడవు.

క్షేమమును గూర్చి చెప్పునపుడు 2024 ఆగస్టు 7వ తేదీ జ్ఞప్తికి రాకమానదు. పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ తుదిపోటీకి చేరిన వినేశ్ ఫోగట్ 50 కిలోల విభాగమున నూరు గ్రాముల బరువు మించెనని అనర్హురాలయ్యెను. రాత్రియంతయు నిద్రాహారములు లేక, చెమటోడ్చి, జుట్టు సహితము కత్తిరించుకొనియు ప్రయోజనము లేకపోయెను. నియమము నియమమే. కాని బరువు తగ్గించుటకై నీరు మానుట ఎంత ప్రాణసంకటమో ఆనాడు దేశమంతయు తెలిసికొన్నది. మన తాలీముఖానాలలోను పిల్లలచేత ఇట్టి ఉపవాసములు చేయింపరాదు.

మన ప్రాంతపు ఎండ మరియొక శత్రువు. వేసవిలో జగిత్యాల పరిసరములలో వేడి 45 డిగ్రీలను తాకుచుండును. పోలీసు ఉద్యోగములకై పరుగెత్తు యువకులు నడియెండలో సాధన చేయుట మానవలెను. వేకువనో, ప్రొద్దు వాలిన పిదపనో పరుగెత్తి, మధ్య మధ్య ఉప్పు చక్కెర కలిపిన నీరు త్రాగవలెను. తల తిరుగుట, మాట తడబడుట కనబడినచో నీడకు చేర్చి, దేహమును తడిపి, ఆసుపత్రికి కొనిపోవలెను. కబడ్డీలో తలకు దెబ్బతగిలినవాడు లేచి నిలిచినంతనే మరల బరిలోనికి త్రోయరాదు. చప్పట్లు కొట్టినవారు మంచముపైనున్నవానిని చూడరారు.

పుల్లెల గోపీచంద్ మోకాలి గాయములకు శస్త్రచికిత్సలు చేయించుకొని, ఓర్పుతో కోలుకొని, 2001లో ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటన్ పోటీ గెలిచెను. ఆ కీర్తి దినములలో శీతలపానీయపు ప్రకటనకు ధనమిత్తుమన్నను, పిల్లలకు హితము కానిదానిని తాను పొగడనని నిరాకరించెను. ఓర్పు దేహక్షేమము. నిరాకరణము ఆత్మక్షేమము. ఈ రెండును ఒక్కనియందే వెలసినవి.

మనస్సునకు తగులు గాయములు పైకి కనబడవు. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమున కూలిచేసికొను దంపతుల బిడ్డ దీప్తి జీవాంజిని, ఆమె బుద్ధిమాంద్యమును చూచి పలువురు ఎగతాళి చేసిరి. 2024 మే నెలలో జపాన్ దేశపు కోబె నగరమున ఆ బాలికయే 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి పారా ప్రపంచ విజేత యయ్యెను. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యపతకము తెచ్చెను. ఎగతాళిచేసిన నోళ్లు నేడు జయము పలుకుచున్నవి. పతకము రాకపోయినను ఆమె ఎగతాళికి తగినది కాదను సంగతి మాత్రము మరువరాదు.

బాలికలు ఆటకు పోవుటకు జంకుటకు ఎండ కారణము కాదు, మనుష్యులు కారణము. శిక్షకుడు ఎంతవాడైనను, బాలికతో ఒంటరిగా ప్రయాణము, మూసిన గదిలో మాటలు ఉండరాదు. తల్లిదండ్రులు ఎప్పుడైనను వచ్చి చూచుటకు మైదానము తెరచి యుండవలెను. బిడ్డ చెప్పిన ఫిర్యాదును పరువు పేర అణచరాదు. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు బాలబాలికలందరికిని రక్ష. నేరము తెలిసియు పోలీసులకు చెప్పకపోవుటయు ఆ చట్టమున నేరమే.

గ్రామమున మనము చేయదగినవి కలవు. పోటీకి ముందే నియమములను వ్రాసి గోడకు అంటింపవలెను. తీర్పరి ఏ పక్షమునకును బంధువు కాకుండవలెను. వసూలైన చందాలు, ఖర్చులు పోటీ ముగిసిన వారములోపల గ్రంథాలయ ఫలకముపై ప్రకటింపవలెను. అందు కొంత భాగము గాయపడిన వాని వైద్యమునకు ముందుగనే వేరుచేయవలెను. ఇచ్చటి బీరువాలో వివిధ క్రీడల నియమ పుస్తకములును, ప్రథమచికిత్స పుస్తకమును ఉండవలెను. చదువుగది ప్రక్కన ఆటబయలు ఉన్న ఊరిలో పందెగానికి చోటు తక్కువ.

2012 డిసెంబరులో స్పెయిన్ దేశమున జరిగిన ఒక దూరపు పరుగులో ముందున్న కెన్యా వాడు ఏబెల్ ముతాయ్ గమ్యము వచ్చెననుకొని ముందే నిలిచిపోయెను. వెనుకనున్న ఇవాన్ ఫెర్నాండెజ్ అతనిని దాటిపోగలిగియు దాటక, సైగలతో దారి చూపి ముందునకు నడిపించి, తాను రెండవవాడయ్యెను. ఆనాటి మొదటి బహుమతి ముతాయ్‌ది. గౌరవము ఇరువురిది.

అట్టి బాలబాలికలు మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి బయలుదేరుదురు గాక! వారికి పుస్తకమును, బయలును, రక్షణను సమకూర్చు భాగ్యము ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము దాకను, ఆపైనను కలుగుగాక!

స్వస్తి.