విడాకుల కాగితంలో బిడ్డకు ఒక్క పంక్తేనా?

(సంఘ వార్షికోత్సవ సభలో రాజీ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ సభలో జకాత్ నిధి లెక్కా, పిల్లల స్కాలర్‌షిప్పుల లెక్కా వినిపిస్తుంటాము. ఈసారి మా రాజీ కమిటీ ఒక తప్పు కూడా ఒప్పుకోవలసియున్నది. దాచుకుంటే మళ్లీ అదే తప్పు జరుగుతుంది. కావున చెబుతున్నాము.

కొన్నేళ్ల క్రితం ఒక జంట మా ముందుకు వచ్చారు. ఇక కలిసి ఉండటం కుదరదని ఇద్దరూ తేల్చేశారు. ఎంత నచ్చజెప్పినా లాభం లేకపోయింది. పద్ధతి ప్రకారం తలాఖ్ అయింది, ఇద్దత్ గడిచింది. కాగితం రాయడానికి కూర్చున్నాము. మెహర్ ఎంత, ఇద్దత్ ఖర్చు ఎంత, బీరువా ఎవరిది, స్టీలు బిందెలు ఎన్ని, రాగి దేగిసా ఎవరింటి నుంచి వచ్చింది - రెండు పేజీలు నిండాయి. ఆ దేగిసా దగ్గరే అర్ధరాత్రి అయింది. ఆఖరున ఎవరో గుర్తుచేస్తే, "పాప తల్లి వద్ద ఉండును" అని ఒక్క పంక్తి రాసి, సంతకాలు పెట్టించి, టీ తాగి ఇళ్లకు వెళ్లిపోయాము.

పాపకు అప్పుడు ఏడేళ్లు. మరుసటి జూన్‌లో గొడవ మొదలైంది. తల్లి పుట్టింటి ఊరు చేరి, నానీ ఇంటి దగ్గరున్న మునిసిపల్ బడిలో పాపను వేయబోయింది. తండ్రి మరో ఊళ్లో ఆడపిల్లల మదరసా హాస్టల్లో వేస్తానన్నాడు. "పాప నీ దగ్గర ఉంటుందని రాశారు గాని, చదువు నీ ఇష్టమని రాయలేదే" అని అతని వాదన. పాత బడి హెడ్మాస్టరుగారి దగ్గరకు పోయి, తన సంతకం లేనిదే టీసీ ఇవ్వవద్దన్నాడు. ఆమె ఊరుకుంటుందా? బిడ్డను చూడవచ్చిన తండ్రిని గుమ్మం ఎక్కనివ్వలేదు. ఖర్చు పంపితే చూపిస్తానని ఆమె, చూపిస్తేనే పంపుతానని అతను. దసరా సెలవుల దాకా పాప ఏ బడికీ పోలేదు.

మళ్లీ పిలిపించాము. పెద్దవాళ్లు అరుచుకుంటూ ఉంటే, పాప మా కార్యదర్శిగారి పక్కకు వచ్చి నిలబడి, "దాదా, నా పుస్తకాల సంచి అబ్బా ఇంట్లో ఉండిపోయింది. అది కాగితంలో రాయలేదా?" అని అడిగింది. బిందెలు లెక్కపెట్టి రాసినవాళ్లం, సంచి రాయలేదు. ఆ పిల్లకు చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు.

తప్పు ఎక్కడ జరిగింది? రెండు వేరువేరు సంగతులను మేము ఒకటే అనుకున్నాము. షరీఅత్‌లో హిజానత్ వేరు, విలాయత్ వేరు. హిజానత్ అంటే బిడ్డను దగ్గర ఉంచుకుని పెంచడం. మనలో ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో మగపిల్లవాడికి ఏడేళ్లు నిండేదాకా, ఆడపిల్ల పెద్దమనిషి అయ్యేదాకా అది తల్లి హక్కు. విలాయత్ అంటే బిడ్డ తరఫున నిర్ణయించడం, ఆస్తిపాస్తులు చూడటం. అది తండ్రిది. పెంచుతున్నంత మాత్రాన మైనరు ఆస్తి అమ్మే అధికారం తల్లికి రాదని 1918లో ఇమాంబందీ కేసులో ప్రీవీ కౌన్సిల్ కూడా చెప్పింది.

ఇంతవరకు విని, "చూశారా, హక్కు మాదే" అనే తండ్రులు ఉంటారు. కాస్త ఆగి మిగతాది కూడా వినండి. సూరె బఖరా 233వ ఆయత్‌లో ఏముంది? బిడ్డ పేరు పెట్టి తల్లినీ బాధించకూడదు, తండ్రినీ బాధించకూడదు. పాలిచ్చే తల్లి తిండి, బట్ట తండ్రి మీద ఉన్నాయి. రెండేళ్లు నిండకముందే పాలు మాన్పించాలంటే ఇద్దరూ సంప్రదించుకుని, ఇద్దరికీ సమ్మతమైతేనే ఆ పని చేయాలి. పాలు మాన్పించడానికే ఇద్దరి మాటా కావలసివస్తే, బడి మాన్పించడానికి ఒక్కరి మాట చాలునా? విలాయత్ అధికారమే కాదు, అమానత్ కూడా.

హజ్రత్ హంజా (రజి) షహీదైన తర్వాత ఆయన కూతురి కోసం హజ్రత్ అలీ, హజ్రత్ జాఫర్, హజ్రత్ జైద్ - ముగ్గురూ నాకంటే నాకని వాదించారు. ముగ్గురూ ఎంత గొప్పవారో మీకు తెలుసు. ప్రవక్త (సల్లం) ఆ బిడ్డను జాఫర్‌గారి ఇంటికి ఇప్పించారు. కారణం? ఆ ఇంట్లో బిడ్డ ఖాలా ఉన్నది. ఖాలా తల్లి వంటిదని అన్నారు. మగవారి హోదా చూడలేదు, బిడ్డకు ఏ ఒడి దొరుకుతుందో చూశారు.

దేశ చట్టం కూడా ఈ దారిలోనే ఉన్నది. 1937 షరీఅత్ చట్టం గార్డియన్ విషయాలను మన ధర్మశాస్త్రానికే వదిలింది. అయితే కోర్టుకు పోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం బిడ్డ క్షేమం చూస్తారు. బిడ్డ వయసు, ఆడా మగా, మతం, పెంచేవారి నడవడి, శక్తి - అన్నీ లెక్కకు వస్తాయి. ఊహ తెలిసిన బిడ్డ అయితే వాడి ఇష్టమూ అడగవచ్చు. తండ్రి బ్రతికి ఉండి, తగనివాడు కాకపోతే కోర్టు వేరొకరిని గార్డియన్‌గా నియమించరాదని ఉన్న చోట, 2010లో తల్లి పేరు కూడా చేర్చారు. తల్లి మళ్లీ నికాహ్ చేసుకుంటే హిజానత్ పోతుందని కొందరు బెదిరిస్తారు. పరాయివాణ్ని చేసుకుంటే పోతుందని ఫిఖ్హ్ గ్రంథాలలో ఉన్నమాట నిజమే, కాని కోర్టు ఆ ఒక్కటి చూసి బిడ్డను లాగి ఇవ్వదు. ఒక్క ఊపులో చెప్పే తలాఖ్‌ను నిషేధించిన 2019 చట్టం కూడా, అలా తలాఖ్ చెప్పబడిన తల్లికి మైనరు పిల్లలను తన వద్ద ఉంచుకునే హక్కు ఇచ్చింది. ఎలా అన్నది మేజిస్ట్రేటు నిర్ణయిస్తారు.

ఖర్చు మాట. 1986 చట్టంలో పిల్లలకు రెండేళ్ల పోషణ మాట ఉన్నదని, ఆ తర్వాత తమకు బాధ్యత లేదని వాదించినవారున్నారు. 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. స్తోమత ఉన్న తండ్రి, పిల్లలు తల్లి దగ్గరే ఉన్నా, పెద్దవాళ్లయ్యేదాకా, ఆడపిల్లకు పెళ్లయ్యేదాకా పోషించవలసిందే. పాత 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 144వ సెక్షన్ వచ్చింది.

టీసీ సంగతి కూడా మాకు అప్పుడు తెలియదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి మారే బిడ్డకు హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. అది ఆలస్యమైందని సర్కారు బడి చేర్చుకోవడం మానకూడదు. ఈ ఒక్క ముక్క మాకు తెలిసి ఉంటే ఆ పిల్లకు అన్ని నెలల చదువు పోయేది కాదు.

ఇప్పుడు మేము కాగితం తిరగేసి రాస్తున్నాము. ముందు బిడ్డ, తర్వాతే బిందెలు. ఒకటి, బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, ఊరు మారితే ఎన్నాళ్ల ముందు రెండోవారికి చెప్పాలి. రెండు, ఏ బడి, ఏ మీడియం, ఖుర్ఆన్ చదువు ఎక్కడ. మూడు, జబ్బు చేస్తే ఎవరు నిర్ణయిస్తారు. ప్రాణం మీదికి వస్తే దగ్గరున్నవారే, తర్వాత కబురు. నాలుగు, నెల ఖర్చు ఏ తారీఖున, ఏ ఖాతాలో. అయిదు, రెండో తల్లి గాని తండ్రి గాని బిడ్డను చూసే రోజులు, రెండు ఈదులు, సెలవులు. ఆరు, ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, టీసీ ఎవరి దగ్గర ఉంటాయి. ఏడు, మాట కుదరకపోతే ముందు ఎవరి దగ్గర కూర్చోవాలి. ఖర్చుకూ, చూపుకూ ముడిపెట్టకూడదని కూడా రాస్తున్నాము. అవి రెండూ బిడ్డ హక్కులు.

ఒక సంగతి దాచము. మన సంఘం కాగితం గాని, ఖాజీగారి కాగితం గాని కోర్టు హుకుం కాదు. దారుల్ ఖజా తీర్పులకు చట్టబలం లేదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ ఒప్పుకున్నంతకాలమే అది నిలుస్తుంది. కావున ఒప్పందాన్ని కోర్టులో పెట్టి ఉత్తర్వు తీసుకోండని చెబుతున్నాము. 1984 చట్టం కింద ఏర్పడిన ఫ్యామిలీ కోర్టు కూడా ముందు రాజీకే ప్రయత్నిస్తుంది, భయపడవలసిన పని లేదు. బిడ్డను కొట్టే ఇల్లయితే మాత్రం రాజీ కోసం మా దగ్గర ఆగవద్దు, తిన్నగా కోర్టుకే వెళ్లండి.

నానీలకూ, దాదీలకూ, మామూలకూ, చాచాలకూ ఒక మనవి. బిడ్డ ముందు "మీ అమ్మీ అలాంటిది", "మీ అబ్బా ఇలాంటివాడు" అనకండి. మీకు కోడలు కాకపోవచ్చు, అల్లుడు కాకపోవచ్చు. బిడ్డకు తల్లి తల్లే, తండ్రి తండ్రే. తలాఖ్ వాళ్లిద్దరికీ అయింది గాని బిడ్డకు కాలేదు.

ఆ పాప సంగతి అడుగుతారేమో. రెండో కాగితం రాసిన వారంలోనే మునిసిపల్ బడిలో చేరింది. ఫజర్ తర్వాత ఖుర్ఆన్ చదువు మొహల్లా మస్జిద్‌లో. నెలకు రెండు ఆదివారాలు తండ్రి వచ్చి తీసుకుపోతాడు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. మన స్కాలర్‌షిప్పు కూడా అందుకుంటున్నది. సంచి ఆ సాయంత్రమే తండ్రి స్వయంగా తెచ్చి ఇచ్చాడు.

మన ఇళ్లలోని ప్రతి బిడ్డకూ అల్లాహ్ రెండు ఇళ్ల ప్రేమ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాం.